ఆరు సీసాల మూసీ

మొదటి రోజు: అనంతగిరి

మా ఇల్లు మలక్‌పేటలో. ఆఫీసు అంబర్‌పేట వైపు. పైన గండిపేట చెరువు గేట్లు ఎత్తారని టీవీలో చెప్పారంటే మూసారంబాగ్ పాత బ్రిడ్జి మూసేసేవాళ్లు, నేను ఊరంతా తిరిగి ఆఫీసుకి పోవాల్సొచ్చేది. ఇరవై ఏళ్లుగా మూసీతో నాకున్న సంబంధం అంతే. వాసన, దోమలు, ట్రాఫిక్. ఓసారి పండక్కి అత్తగారింటికి పోయినప్పుడు ఇదంతా చెప్పి విసుక్కుంటుంటే మా బామ్మర్ది "బావా, నువ్వు ముక్కు మూసుకునే నీళ్లతోనే మా ఇల్లు నడుస్తది" అన్నాడు. వాళ్లది వలిగొండ దగ్గర ఊరు. మూసీ కాలువ కింద రెండెకరాలుంది. ఆ మాట పట్టుకునే ఈ దసరా తర్వాత ఇద్దరం ఒకే బండి మీద బయల్దేరాం. నది పుట్టిన చోటు నుంచి కృష్ణలో కలిసే దాకా పోవాలి, ఆగిన చోటల్లా ఒక సీసా నీళ్లు పట్టాలి. సీసాల ఆలోచన నాదే. దానికి తర్వాత తిట్లు తిన్నాను.

చేవెళ్ల దారిలో మర్రిచెట్ల కింద పోతుంటే పొద్దున తొమ్మిదింటికి కూడా చల్లగానే ఉంది. వికారాబాద్ దాటి ఆరు కిలోమీటర్లు పోతే అనంతగిరి. అనంత పద్మనాభస్వామి గుడి మెట్లు దిగుతుంటే కింద గుండం. "మూసీ యాడ పుట్టింది?" అని కొబ్బరికాయలమ్మే ఆమెను అడిగితే "గిక్కడనే" అని చెయ్యి గాలిలో తిప్పింది, కొండంతా కలిసొచ్చేట్టు. ఆమె చెప్పిందే నిజమనుకోవాలి. ఫలానా చోట బుడగలు తేలుతూ పుట్టిందని చూపించడానికి ఇక్కడ ఏమీ లేదు. కొండ పైభాగం ఎర్రటి చిల్లుల రాయి, అదే లేటరైట్. దాని కింద నల్లరాయి. వానాకాలమంతా పై రాయి స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది. కింది రాయి లోపలికి సులువుగా పోనివ్వదు కాబట్టి ఆ నీళ్లు పక్కల నుంచి ఊరుతూ వస్తాయి. చెట్ల మధ్య ఎక్కడ చూసినా తడి, నాచు, బొటనవేలంత ధార. నది అనడానికి మనసొప్పదు.

స్థలపురాణంలో మూసీ పేరు ముచికుంద. కాలయవనుణ్ణి చూపుతోనే బూడిద చేసిన ముచికుందుడు ఈ కొండల్లోనే నిద్రపోయాడట, ఆయన పేరే నదికొచ్చిందట. నాకు మాత్రం ఇక్కడ పుట్టే రెండో నది మీదే ఆసక్తి కలిగింది. ఇవే కొండల పడమటి వాలు మీద పడిన వాన కాగ్నాగా మారి తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమలో కలుస్తుంది. తూర్పు వాలు మీద పడింది మూసీ అవుతుంది. భీమా కృష్ణలోకే, మూసీ కృష్ణలోకే. ఒకే మబ్బు నుంచి పడిన రెండు చినుకులు ఒకటి రాయచూరు వైపు నుంచి, ఇంకోటి హైదరాబాద్ మీదుగా తిరిగి ఒక ఏటికే చేరతాయి.

మొదటి సీసా నిండటానికి పావుగంట పట్టింది. అడుగున ఎర్రమట్టి కొంచెం దిగింది.

రెండో రోజు: శంకర్‌పల్లి, గండిపేట

రాత్రి వికారాబాద్ లాడ్జిలో పడుకుని పొద్దున్నే నవాబ్‌పేట మీదుగా శంకర్‌పల్లి దారి పట్టాం. ఇక్కడి మూసీ సన్నటి వాగు. రెండు చోట్ల బండి దిగకుండానే కల్వర్టు దాటేశాం, అది మూసీ అని తర్వాత మ్యాపులో చూస్తేగాని తెలియలేదు. చెక్‌డ్యాముల వెనక మాత్రం నీళ్లు నిండుగా ఉన్నాయి. పక్కన పొలాల్లో బోర్లు, పూల తోటలు, ఫామ్‌హౌసులు, రంగు జెండాలు పాతిన వెంచర్లు. వాన అప్పుడూ ఇప్పుడూ పడుతూనే ఉంది గానీ పడినది వాగుదాకా చేరే దారిలో అడ్డాలు పెరిగాయి. బోర్లు భూమిని కిందికంటా ఎండగొట్టాయి, తొలకరి వానలన్నీ ఆ దాహం తీర్చడానికే సరి. గండిపేటకు వరద తగ్గిందని అందరూ అంటారు. ఎందుకు తగ్గిందో ఈ ముప్పై కిలోమీటర్లు బండి మీద వస్తే చాలు, తెలిసిపోతుంది.

గండిపేట కట్ట మీద నిలబడితే కళ్లు చల్లబడతాయి. అసలు పేరు ఉస్మాన్‌సాగర్, 1920లో పూర్తయింది. పూర్తి మట్టం 1,790 అడుగులు, పట్టేది 3.9 టీఎంసీలు. ఇక్కణ్ణుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్ల దాకా నీళ్లు మోటారు లేకుండా వాలు మీదే పోయేట్టు కట్టారు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదిలిపోడని మా నాన్న అంటుండేవాడు. ఆయన వదిలిపోలేదు కూడా. దక్షిణాన ఈసా వాగు మీద హిమాయత్‌సాగర్, 1927. ఈ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్లలో కట్టడాలకు పగ్గం వేస్తూ 1996లో 111 జీవో వచ్చింది, 2022లో ఆ పగ్గం వదులు చేశారు. కట్ట మీద మిర్చిబజ్జీ తింటుంటే అటు ఒడ్డున కనిపించే క్రేన్లు లెక్కపెట్టాడు మా బామ్మర్ది. పదకొండు దాకా లెక్కపెట్టి వదిలేశాడు.

సాయంత్రం లంగర్‌హౌజ్ బాపూఘాట్. మూసీ, ఈసా కలిసే చోటు. 1948లో గాంధీజీ అస్థికలు ఈ సంగమంలో కలిపారు. తోట శుభ్రంగా ఉంది. సంగమం ఎక్కడుందని అడగనక్కర్లేదు, గాలి ఎటు నుంచి వస్తుందో అటు నడిస్తే సరిపోతుంది.

రెండో సీసా గండిపేటది. మంచినీళ్ల సీసా అని చెబితే నమ్మేట్టుంది.

మూడో రోజు: ఊరి నడుమ

ఈ రోజు ఇంట్లోనే పడుకోవచ్చని మా ఆవిడ సంతోషించింది. బండి తీయకుండా పురానాపూల్ దాకా ఆటోలో పోయి అక్కణ్ణుంచి నది వెంట కిందికి నడిచాం.

పురానాపూల్ 1578 నాటిది, కుతుబ్‌షాహీల కాలపు వంతెన. ఇప్పుడు దాని మీద కూరగాయలమ్ముతున్నారు. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ పోతే ఇది నిలబడింది. ఆ వరదలో పదిహేను వేల మంది దాకా పోయారంటారు. మరుసటేడు ఇంజనీరు విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నది పొడవునా పైకి వెళ్లి చూస్తే ఊరికి ఎగువన దాదాపు ఎనిమిది వందల చెరువులున్నాయి, వాటిలో రెండొందల పైచిలుకు ఆ ఒక్క వానకే తెగాయి. అసలు కారణం అదే. పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది, ఆ రెండూ కలిసి మూడో దాని మీద పడ్డాయి. వాన ఒక్కటే అంత పని చేసేది కాదు. గొలుసుకట్టు చెరువులు మామూలు రోజుల్లో ఎంత మేలో, తెగిన రోజున అంత కీడు. గండిపేట, హిమాయత్‌సాగర్ రెండూ ఆయన సలహా మీద కట్టినవే. ముందు వరద ఆపడానికి, తర్వాతే తాగడానికి. అందుకే వాటిని నిండుకుండలా చూడాలని మనకెంత సరదా ఉన్నా, వానాకాలంలో కొంత ఖాళీ ఉంచడమే వాటి ఉద్యోగం.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ చింతచెట్టుంది. ఆ రోజు దాని మీదికెక్కి నూటయాభై మంది బతికారని అక్కడ రాసిపెట్టారు. ఎండలో రోగుల బంధువులు దాని కింద చాపలు పరుచుకుని అన్నం తింటున్నారు. ఒకామె స్టీలు డబ్బా మూత తీస్తూ నన్ను చూసి, "డాక్టరు దగ్గరికా?" అంది. చెట్టు చూడ్డానికి వచ్చానంటే ఒకసారి పైకి చూసి, "చింతచెట్టే గద" అని తినడం మొదలుపెట్టింది.

అక్కణ్ణుంచి కూతవేటు దూరంలో ఎంజీబీఎస్. పాత పేరు ఇమ్లీబన్, అంటే చింతతోపు. బస్టాండు అటూ ఇటూ నది పాయలే. నది తన వరదకు ఉంచుకున్న చోట మనం బస్సులు నిలబెట్టాం. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే రాత్రికి రాత్రే బస్టాండులోకి నీళ్లొచ్చాయి. అందరూ ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోవాల్సింది నదేమో.

సరే, వరద లేని రోజుల్లో ఇక్కడ పారేది ఏమిటి? గండిపేట గేట్లు ఏడాదిలో ఎక్కువ రోజులు మూసే ఉంటాయి. పైనుంచి చుక్క రాదు. అయినా చాదర్‌ఘాట్ దగ్గర మే నెలలో కూడా నది ఎండదు. మన ఇళ్ల డ్రైనేజీయే ఆ ప్రవాహం. హైదరాబాద్ రోజుకి 1,600 మిలియన్ లీటర్లకు పైనే మురుగునీరు వదులుతుంది. దాన్ని ఏడాదికి లెక్కేసి టీఎంసీల్లోకి మారిస్తే ఇరవై దాటుతుంది. నిండు గండిపేటలు ఐదు. ఇందులో కొంత శుద్ధి చేసే వదులుతారు, కొంత అట్లాగే వస్తుంది.

ఈ నీళ్లు మొదట ఎక్కడివి? 2004 నుంచి ఊరికి కృష్ణ నీళ్లొస్తున్నాయి. నాగార్జునసాగర్ వెనక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా తెస్తారు. సాగర్ నిండితే 590 అడుగులు. మనం ఉండేది పదిహేడు వందల అడుగుల చుట్టుపక్కల. అంటే వెయ్యి అడుగులకు పైనే ఎక్కించి, ఒకసారి వాడుకుని, మూసీలో వదులుతున్నాం. 2015 నుంచి ఎల్లంపల్లి గోదావరి నీళ్లూ తోడయ్యాయి. అంతకు ముందు నుంచి మంజీర ఉండనే ఉంది. మూసారంబాగ్ బ్రిడ్జి కింద పారే దాంట్లో అనంతగిరి వాటా ఎంతో చెప్పమంటే నేను చెప్పలేను గానీ, కృష్ణా గోదావరీ కలిసి పారుతున్నాయంటే మాత్రం ఒప్పుకుంటాను. నదుల అనుసంధానం ఎప్పుడో అయిపోయింది, మన బాత్రూముల్లోంచి.

మూడో సీసా బ్రిడ్జి కింద పట్టాను. బామ్మర్ది ముక్కుకి కండువా కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

నాలుగో రోజు: కత్వల దారి

ఉప్పల్, పీర్జాదిగూడ దాటాక నది తూర్పుకి తిరిగి ఊరు వదిలేస్తుంది. ప్రతాపసింగారం దగ్గర ఒడ్డు పొడవునా పచ్చగా మోకాలెత్తు పంట. వరి అనుకున్నాను.

"వరి గాదు బావా, గడ్డి. పట్నం బర్లకు."

నగరంలో పాడి గేదెలున్న వాళ్లంతా ఈ గడ్డే కొంటారు. ఒకసారి పెడితే ఏళ్ల తరబడి కోస్తూనే ఉండొచ్చు. యూరియా అక్కర్లేదు, అది నీళ్లలోనే వస్తుంది. ఈ ఊళ్లలో ఒకప్పుడు వరి వేసేవాళ్లు. ఊరికి దగ్గరగా నీళ్లు మరీ చిక్కగా, ఉప్పుగా మారాక వరి తాళలేదు, గడ్డి తాళింది. కోసే ఆమె ఒకరు కాళ్లకు పాలిథిన్ కవర్లు కట్టుకుని, వాటి మీద గుడ్డ చుట్టుకుని దిగింది. ఎందుకని అడిగితే కవరు కొంచెం కిందికి లాగి చూపించింది. పిక్క మీద తెల్లటి పొలుసులు, గీరుకున్న గీతలు. "దురద మందుకే నెలకు మున్నూరు వోతయ్ సారు. గని గీ గడ్డి లేకుంటే కూలి యాడుంది?" మళ్లీ కవరు పైకి లాక్కుని వంగింది. కొడవలి పట్టిన చేతికి మాత్రం ఏమీ కట్టుకోలేదు, పట్టు జారుతుందట.

ఇక్కణ్ణుంచి కిందికి ప్రతి నాలుగైదు మైళ్లకూ ఒక కత్వ. ఆనకట్టను ఇటు కత్వ అంటారు. ఏటికి అడ్డంగా పొట్టి రాతిగోడ. నీళ్లు దాని వెనక నిలిచి, పక్కన కాలువలోకి మళ్లి, మిగిలింది గోడ మీదుగా దూకుతుంది. ఇవి ఇరవైకి పైనే ఉన్నాయి, చాలామటుకు నిజాం కాలం నాటివీ ఇంకా పాతవీ. వానాకాలం వాగుకోసం కట్టిన గోడలు, ఇప్పుడు పన్నెండు నెలలూ పనిచేస్తున్నాయి.

పిల్లాయిపల్లి కత్వ దగ్గర నురగ. చెప్పగా విన్నదే అయినా చూస్తే వేరు. నీళ్లు గోడ మీద నుంచి దూకిన చోట మంచు పరిచినట్టు తెల్లగా, గుట్టలు గుట్టలుగా లేచి, గాలికి ముక్కలై పొలాల మీదికి ఎగురుతోంది. ఒక ముక్క వచ్చి బండి అద్దం మీద వాలింది. దగ్గరికి పోయి చూస్తే వేల బుడగలు, ఒక్కోటీ ఎండకు రంగులు తిరుగుతూ చిటపట పగులుతోంది. పగిలాక మిగిలేది బూడిదరంగు జిడ్డు. మన ఇంట్లో బట్టల సబ్బు, గిన్నెల సబ్బు, షాంపూ అన్నీ కలిసి ఇన్ని కిలోమీటర్లు వచ్చి ఇక్కడ గిలకొట్టుకుంటున్నాయి. మా ఆవిడ వాడే బ్రాండు వాసన కూడా తగిలినట్టే అనిపించింది. భ్రమ కావచ్చు.

నురగ అసహ్యంగా ఉంటుంది గానీ కత్వ చేసే మేలు కూడా ఇందులోనే ఉంది. గోడ వెనక నీళ్లు నిలిచినప్పుడు బురద అడుక్కి దిగుతుంది. గోడ మీద నుంచి దూకినప్పుడు గాలి కలుస్తుంది. శుద్ధి కేంద్రంలో కరెంటు పెట్టి చేసే పని ఇక్కడ రాళ్లు ఊరికే చేస్తున్నాయి. ఒక్కో కత్వ దాటేకొద్దీ నలుపు తగ్గి బూడిదరంగు, తర్వాత ఆకుపచ్చ. కరిగిపోయిన ఉప్పు మాత్రం దిగదు. కెమికల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చినవేవైనా ఉంటే అవీ అంత తేలిగ్గా పోవు.

నాలుగో సీసా నింపి సంచిలో పెట్టబోతే అప్పుడు తెలిసింది. నిన్నటి మూసారంబాగ్ సీసా మూత ఉబ్బి, సన్నగా కారి, బామ్మర్ది కొత్త చొక్కాని తడిపేసింది. ఎండకు లోపల గ్యాసు పుట్టిందన్నమాట. "నీ రీసెర్చి తగలెయ్య" అని మొదలుపెట్టి మర్యాద లేకుండా ఓ పది నిమిషాలు మాట్లాడాడు. పెళ్లయిన పదిహేనేళ్లలో నా మీద గొంతెత్తడం ఇదే మొదలు. చొక్కా అక్కడే వదిలేశాం, సీసాని రెండు కవర్లలో చుట్టి బండికి బయట కట్టాం.

పిల్లాయిపల్లి, బునాదిగాని, ధర్మారెడ్డిపల్లి కాలువలు. వీటి పేర్లు భువనగిరి వైపు పిల్లలకు కూడా తెలుసు. రాత్రి అత్తగారింట్లో అరుగు మీద మామగారితో మాట పడింది. ఆయన చిన్నప్పుడు ఈతకొట్టిన మూసీ ఇదే, ఎండాకాలం ఇసుకలో చెలమ తీసుకుని తాగిన మూసీ ఇదే. డెబ్బయ్యో దశకంలో కరువొచ్చి మొత్తం ఎండింది. ఆ తర్వాత పట్నం పెరిగింది, నీళ్లు రావడం మొదలైంది, మళ్లీ ఎప్పుడూ ఎండలేదు.

"కరువు వోయింది, ఏరూ వోయింది" అన్నాడాయన.

వరికి బలం ఎక్కువై ఏపుగా లేస్తుందట, గింజ పడే టైముకి పడిపోతుందట. పురుగు మందు ఎక్కువ పడుతుంది. వడ్లకు ధర ఒక రూపాయి తక్కువే చెబుతారు, మూసీ వడ్లని తెలిస్తే. నా కంచంలో అన్నం తెల్లగా, సన్నగా ఉంది. ఏ పొలానిదని అడిగాను. మా అత్తమ్మ నవ్వి ఊరుకుంది. బామ్మర్దే చెప్పాడు, ఇంట్లోకి బోరు కింద ఎకరం వేరే వేస్తారు.

ఐదో రోజు: సోలిపేట

పొద్దున సంగెం దగ్గర భీమలింగం కత్వ చూసుకుని కిందికి సాగాం. ఎడమ నుంచి బిక్కేరు వచ్చి కలుస్తుంది. దాని ఒడ్డునే ఫణిగిరి బౌద్ధక్షేత్రం ఉంది. మూడు గంటలు అటు పోదామంటే బామ్మర్ది ఒప్పుకోలేదు, చొక్కా కోపం ఇంకా ఉంది. వానాకాలం మూసీ ప్రాజెక్టును గబగబా నింపేది ఈ బిక్కేరే. నగరం పంపేది రోజూ ఒకటే తీరు, ఇది మాత్రం వస్తే ఒక్కసారే వస్తుంది.

ప్రాజెక్టు సోలిపేట దగ్గర. 1963లో పూర్తయింది. మట్టం 645 అడుగులు, 4.46 టీఎంసీలు. గండిపేట నుంచి ఇక్కడికి నది 1,145 అడుగులు దిగిందన్నమాట. 2019 అక్టోబరులో నిండుగా ఉన్నప్పుడు ఒక గేటు ఊడి కొట్టుకుపోయి, రబీకి దాచుకున్న నీళ్లు కళ్ల ముందే కిందికి పోయాయి. కట్ట మీద ఓ ముసలాయన ఇప్పటికీ దాని గురించి నిన్న జరిగినట్టే చెబుతున్నాడు.

నీళ్లు పచ్చగా, నిలకడగా ఉన్నాయి. వాసన దాదాపు లేదు. కొంగలున్నాయి, చేపల వలలున్నాయి. ఐదో సీసాని నాలుగో దాని పక్కన పెడితే ఒకే ఏరంటే ఎవరూ నమ్మరు. టేకుమట్ల బ్రిడ్జి మీద విజయవాడ హైవే బస్సులు పోతున్నాయి. ఏటా పదిసార్లు నేనూ ఆ బస్సుల్లో పోయాను, కింద మూసీ అని ఒక్కసారి కూడా తల తిప్పలేదు. సాయంత్రానికి మిర్యాలగూడ.

ఆరో రోజు: వాడపల్లి

దామరచర్ల దాటాక నేల మారిపోయింది. అనంతగిరిలో ఎర్రరాయి, హైదరాబాద్ చుట్టూ గుండ్రాళ్ల గుట్టలు, ఇక్కడ పలకలు పలకలుగా సున్నపురాయి. చుట్టూ సిమెంటు లారీలు. వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. ఎదురు ఒడ్డు పల్నాడు, బ్రిడ్జి దాటితే పొందుగుల.

అగస్త్యేశ్వరుడి గుడిలో శివలింగం నెత్తిన చిన్న గుంట ఉంది. బోయవాడు తరుముతుంటే ఒక పిట్ట వచ్చి శివుణ్ణి శరణు కోరిందట. నా ఆహారం నాకియ్యమని బోయ అడిగితే, పిట్టను వదిలెయ్, నా తలలోంచి తీసుకో అన్నాడట స్వామి. ఆ వేళ్ల గుర్తులు చూపిస్తారు. గాయం కడగడానికి గంగ దిగిందని, ఆ గుంటలో నీళ్లు ఎంత తోడినా అడుగంటవని పూజారి చెప్పాడు. పక్కనే లక్ష్మీనరసింహస్వామి గుడిలో ఒక దీపం గాలి లేకుండానే స్వామి ఊపిరికి ఊగుతుందంటారు. ఊగుతూనే ఉంది, నేను చూశాను.

సంగమం మాత్రం నేననుకున్నట్టు లేదు. రెండు రంగుల నీళ్లు ఒరుసుకుంటూ పారడం చూద్దామని వచ్చాను. దిగువన కృష్ణ మీద పులిచింతల ప్రాజెక్టు ఉంది, దాని నిండు మట్టం 175 అడుగులు. అది నిండితే వెనకనీళ్లు ఇక్కడిదాకా తన్నుతాయి. మూసీ చివర ప్రవాహమే లేదు, వెడల్పుగా నిలబడి ఉంది. ఎక్కడ మూసీ అయిపోయిందో, ఎక్కడ కృష్ణ మొదలైందో పడవ మనిషికి కూడా తెలియదు. సాగర్ వెనక తోడి ఊరికి తెచ్చుకున్న నీళ్లు, సాగర్ దాటాక మళ్లీ కృష్ణకే చేరిపోయాయి. కింద బెజవాడ దాకా ఊళ్లున్నాయి.

ఘాట్ మెట్ల మీద సీసాలు ఆరూ వరసగా పెట్టి ఫోటో తీస్తుంటే పడవాయన వచ్చాడు.

"సార్, ఒక సీసా ఇయ్యిండ్రి. డీజిల్ పోసుకోను లేదు."

"ఏది కావాలి?" అన్నాడు బామ్మర్ది.

మూసారంబాగ్ సీసా కవర్ల మధ్య నుంచే కంపు కొడుతోంది, దాన్ని ముట్టుకోలేదు. పిల్లాయిపల్లిది మూత తీసి వాసన చూసి పెట్టేశాడు. చివరికి అడుగున ఎర్రమట్టి దిగిన మొదటి సీసా తీసుకుని, మూత విప్పి, అనంతగిరి నీళ్లు మెట్ల మీద నుంచే ఏట్లోకి ఒంపేసి, రెండుసార్లు కడుక్కుని పడవ దగ్గరికి పోయాడు.